శుక్రవారం సర్జరీ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. షాపులో ఎవరూ లేనప్పుడు నేను లేచి నిలబడి, కుర్చీ వీపు రెండు చేతులతో పట్టుకుని, బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడేదాన్ని.

తెనాలిలో నేను పనిచేసేది ఒక చిన్న డీటీపీ షాపులో. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, పుట్టినరోజు ఫ్లెక్సీలు, ఎప్పుడైనా ఒక పుస్తకం. మధ్యాహ్నం ఓనరు గారు భోజనానికి ఇంటికి వెళ్తే షట్టరు సగం దించేదాన్ని. అప్పుడు ఎదురు గోడ దగ్గర ఉన్న ప్రింటరు స్పీకరు అయ్యేది. మూలకి ఆనించిన ఫ్లెక్సీ చుట్టలు సభ్యులు. "అధ్యక్షా" అని మొదలుపెట్టి, పొద్దున టైపు చేసిన పేజీల్లోని ప్రసంగం పైకి చదివేదాన్ని. నేను ఎన్నడూ చూడని ఊళ్ళో నూలు మిల్లులు మూతపడడం గురించి, చలికాలంలో బొగ్గు కొనలేని ముసలివాళ్ళ గురించి. బయట ఆటో ఆగిన చప్పుడు వినిపిస్తే చాలు, కూర్చుని కీబోర్డు మీద ఏదో ఒకటి కొట్టేదాన్ని.

బస్సులో నా స్టాపు వచ్చినా "ఆపండి" అనలేక తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచే మనిషిని నేను. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది వినపడక ఆబ్సెంటు వేసిన రోజులున్నాయి. అందుకే ఈ సంగతి డైరీలో కూడా ఒక్క ముక్కలో రాసుకున్నాను, "ఈ రోజు మాట్లాడాను" అని.

ఆ ప్రసంగాలు ఒక పుస్తకంలోవి. రాస్తున్నది బాపట్లలో ఉండే ఒక మాస్టారు. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వయసులో ఉండగా చర్చి వాళ్ళు పంపితే చదువు కోసం ఒక ఏడాది ఇంగ్లాండులో ఒక మిల్లుల ఊళ్ళో ఉన్నారు. ఆ ఊరికి దాదాపు నలభై ఏళ్ళు ఎంపీగా ఉన్న ఒకాయన జీవితం ఇన్నాళ్ళకి తెలుగులో రాస్తున్నారు. తెల్లకాగితాల మీద గుండ్రటి అక్షరాలతో రాసి ఇస్తే నేను టైపు చేసి, ప్రూఫు తీసుకుని బాపట్ల వెళ్ళి ఇవ్వాలి.

"ఇంగ్లాండు ఎంపీ పుస్తకం తెనాల్లో ఎవడు కొంటాడమ్మా? కనీసం ఆయన సినిమాల్లో అన్నా చేశాడా?" అనేవారు ఓనరు గారు.

ఆయన సినిమాల్లో చేయలేదు. అసలు ఏమీ అవలేదు కూడా. ఉపఎన్నికలో కుర్రవాడిగా గెలిచి సభకి వెళ్ళాడు. ఎందరో ప్రధానులు మారారు, తన పార్టీ మూడు నాలుగుసార్లు అధికారంలోకి వచ్చి పోయింది, ఆయన్ని మాత్రం ఎవరూ మంత్రిని చేయలేదు. చివరి బెంచీల్లోనే కూర్చున్నాడు. ఒకసారి సొంత పార్టీకి వ్యతిరేకంగా ఓటేసినందుకు కొన్నాళ్ళు బయట పెట్టారు, తర్వాత మళ్ళీ పిలిచారు. ఒక ఎన్నికలో ఓడిపోయినంత పని అయింది. జుట్టు నెరిసి, వినికిడి తగ్గి, సభలో అందరికంటే ఎక్కువ కాలం వరసగా ఉన్న సభ్యుడయ్యాడు. అలాంటి వాళ్ళని అక్కడ ఫాదర్ ఆఫ్ ది హౌస్, అంటే సభా పితామహుడు, అంటారట. ఆ తర్వాత ఇక పోటీ చేయనని చెప్పి ఇంటికి వెళ్ళాడు. అంతే కథ. అంతే అయినా నన్ను ఆ మనిషి వదిలేవాడు కాదు. దానికి కారణం సర్జరీ.

వాళ్ళ దేశంలో ఎంపీ తన ఊరికి వచ్చి, జనం కష్టాలు వినడానికి కూర్చునే రోజుని సర్జరీ అంటారు. కత్తీ దారం ఏమీ ఉండవు. ఒక బల్ల, రెండు కుర్చీలు. మాస్టారు ఆ మాటని తెలుగు చేయకుండా అలాగే ఉంచి, పేజీ అడుగున ఒకసారి అర్థం రాశారు. ఆ పేజీ అడుగు చూడని వాళ్ళకి అర్థం కాదని అప్పుడే అనుకున్నాను. చూడడానికి కళ్ళు లేని వాళ్ళ సంగతి నాకు తోచలేదు.

మా అమ్మమ్మ ఉండేది రేపల్లెలో. శనివారం పని అయ్యాక రైలెక్కి ఆవిడ దగ్గరికి వెళ్తాను, సోమవారం పొద్దున మళ్ళీ తెనాలి. అమ్మమ్మకి చూపు తగ్గింది. అందుకని నేను వెళ్ళినప్పుడు ఏదో ఒకటి చదివించుకుంటుంది, మామూలుగా బైబిలు. ఆ శనివారం "నువ్వు కొట్టే పుస్తకం చదువు" అంది. చేతికొచ్చిన పేజీ చదివాను.

ఆయన ప్రతి శుక్రవారం చర్చి పక్క హాల్లో సర్జరీ పెట్టేవాడు. ఎవరైనా రావచ్చు. దేనికీ ఫీజు లేదు. జనం వరసగా కూర్చుని, తమ వంతు వచ్చాక లోపలికి వెళ్ళి బాధ చెప్పుకునేవారు.

అమ్మమ్మ ముఖం వెలిగిపోయింది. "మా చిన్నప్పుడు అచ్చం ఇట్టానే. దొరసానమ్మ డాక్టరు గారు వారానికోసారి జీపులో వచ్చి చర్చి వరండాలో కూర్చునేది. నా చెవిలో చీము తీసింది ఆవిడే."

"ఈయన డాక్టరు కాదమ్మమ్మా. ఎంపీ."

"అదే. ఎంబీబీఎస్."

"ఎంపీ అమ్మమ్మా. ఓట్లేస్తారు చూడు..."

"తర్వాత ఏమయ్యాడు?"

"తర్వాత ఫాదర్ ఆఫ్ ది హౌస్ అయ్యాడు."

అమ్మమ్మ కాస్త నొచ్చుకుంది. "ఫాదరా? అయితే ఆర్‌సీఎం వాళ్ళా? పోన్లే. మనోళ్ళు కాకపోయినా మంచి పని చేశాడు."

మేం లూథరన్ వాళ్ళం. అమ్మమ్మకి ఆర్‌సీఎం, అంటే క్యాథలిక్కులు, చుట్టాల్లో దూరపు చుట్టాలు. ఇంకోసారి చెప్పాను డాక్టరు కాదని. కానీ నేను చెప్పే గొంతు ఎంతుంటుందో చెప్పాను కదా. అమ్మమ్మ అప్పటికే దుప్పటి సర్దుకుంటూ, మర్నాడు ఆరాధన తర్వాత ఎవరెవరికి చెప్పాలో లెక్క చూసుకుంటోంది.

ఆదివారం చర్చిలో స్త్రీల కూడికలో చెప్పింది. సోమవారం నేను తెనాలి వెళ్ళాక పాలాయనకి చెప్పింది. ఆ వారంలో ఎప్పుడో చేపలామెకి చెప్పింది.

చేపలామె సముద్రం వైపు పల్లె నుంచి వస్తుంది. బుట్టలో చేపలు, పైన తడిగోనె. మా వీధిలో ఆవిడ గొంతు వినపడితే పిల్లులన్నీ గోడల మీదికి వచ్చేస్తాయి. తరవాతి శనివారం నేను వెళ్ళేసరికి మా అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన చేపల బుట్ట లేదు. ఒళ్ళో ఎక్స్‌రే కవరు ఉంది.

"ఇదిగో పాప వచ్చింది," అంది అమ్మమ్మ గర్వంగా.

ఆవిడ లేచి నిలబడింది. ఎప్పుడూ "ఏం పాపా, ముళ్ళు తీసుకుని తినడం వచ్చిందా ఇంకా?" అని ఏడిపించే మనిషి, ఆ రోజు చీర కొంగు సర్దుకుని "నమస్కారమండి" అంది. అది నన్ను భయపెట్టింది.

వాళ్ళాయన పడవ ఒడ్డుకి లాగుతూ పడ్డాడు. తుంటి దగ్గర విరిగితే కట్టు కట్టించుకున్నారు, అది వంకరగా అతుక్కుంది. కర్ర లేకుండా లేవలేడు, పడవ ఎక్కలేడు. ఆపరేషన్ చేస్తే నడుస్తాడని పెద్ద డాక్టరు చెప్పాడు. ఆరోగ్య కార్డు మీద చేయించుకుందామంటే పనిచేయదన్నారు. కొడుకు వేరుపడి రేషన్ కార్డు విడగొట్టినప్పుడు తండ్రి పేరు కొడుకు కార్డులోకి వెళ్ళిపోయింది. కొడుక్కి చీరాలలో ఏదో ఉద్యోగం. ఉద్యోగం ఉన్న ఇంటికి ఆరోగ్య కార్డు లేదు. పేరు మార్చమని తిరిగితే కంప్యూటర్ ఒప్పుకోవడం లేదంటారు.

"మీ దొర డాక్టరు గారికి ఈ ఫోటో ఒక్కసారి చూపించండి. ఫీజు లేదన్నాడంటగా. ఆయన ఇటుకేసి ఎప్పుడొస్తాడో చెప్తే మా ఆయన్ని మంచం మీదన్నా మోయించుకొస్తా."

అమ్మమ్మ నా వంక చూస్తోంది. ఎక్స్‌రే కవరు అంచులు ఎన్నో చేతులు మారి మెత్తబడి ఉన్నాయి. నేను ఎప్పుడూ అంత కష్టపడి మాట్లాడలేదు. ఆయన డాక్టరు కాదండి అన్నాను. ఎంపీ అండి, పుస్తకంలో ఆయన, చాలా పెద్దాయన, ఇక్కడికి రారండి. సర్జరీ అంటే వాళ్ళ భాషలో ఊరికే కూర్చుని జనం చెప్పేది వినడం.

ఆవిడ చాచిన కవరు కిందికి దించింది.

"ఆపరేషన్ చెయ్యడా?"

"చెయ్యడండి."

"ఊరికే ఇంటాడా?"

"విని రాసుకుంటాడు. ఎవరు చేయాలో వాళ్ళకి రాస్తాడు. పని అయ్యేదాకా వదలడు."

"ఊరికే ఇనడానికి సర్జరీ అనే పేరెందుకు పెట్టుకున్నాడు, పాపం జనాన్ని ఆశ పెట్టడానికి కాకపోతే?"

అమ్మమ్మ కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. నేను అరుగు అంచున చెక్కు లేచిపోయిన సిమెంటు గీకుతున్నాను. చేపలామె కవరు మడిచి చంకలో పెట్టుకుంది, మెట్టు దిగింది, మళ్ళీ ఆగింది.

"మన దగ్గర అట్టాంటోళ్ళు ఎవరూ లేరా పాపా? ఇనేవాళ్ళు?"

ఆ ప్రశ్న పట్టుకుని తర్వాతి ప్రూఫులతో బాపట్ల వెళ్ళాను. మాస్టారికి గొంతులో ఏదో జబ్బు. మాట్లాడొద్దని డాక్టర్లు చెప్పారు. గుసగుసగా మాత్రం మాట్లాడతారు. ఆయన ముందు కూర్చుంటే మాత్రం నాకు ధైర్యంగా ఉండేది, ఇద్దరం ఒకే గొంతుతో మాట్లాడుకునేవాళ్ళం కాబట్టి. అమ్మమ్మ ఎంబీబీఎస్ సంగతి చెప్పాను. నవ్వుతారనుకున్నాను. భుజాలు ఊగేలా నవ్వారు కూడా. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ అమ్మమ్మది తప్పు కాదమ్మా. నేనూ అట్టాగే వెళ్ళాను," అన్నారు.

ఆ దేశంలో గడిపిన ఆ ఒక్క చలికాలంలో ఆయనకి జ్వరం వచ్చిందట. వీధిలో ఒక హాలు మీద సర్జరీ అని కాగితం అంటించి ఉంది. అక్కడ మామూలు డాక్టరు కూర్చునే చోటుని కూడా అదే పేరుతో పిలుస్తారు. వరసలో కూర్చున్నారు. వంతు వచ్చాక లోపల ఉన్న పెద్దమనిషి, అంటే ఈ ఎంపీయే, "మీ ఇబ్బంది ఏమిటి?" అన్నాడు. ఈయన నోరు తెరిచి నాలుక చూపించారు.

"పుస్తకంలో ఇది లేదు మాస్టారూ."

"సిగ్గేసింది. నవ్వకుండా నన్ను డాక్టరు దగ్గరికి పంపాడు. వెళ్ళేముందు గదిలో వేడి ఉంటోందా అని అడిగాడు. లేదన్నాను. వారం తిరక్కుండా ఇంటి ఓనరు వచ్చి హీటరు బాగుచేశాడు. నేను ఆయనకి ఓటు కూడా వెయ్యలేదమ్మా."

కాస్త మంచినీళ్ళు తాగి, బాపట్లలో సోమవారం పూట అధికారులు జనం దగ్గర అర్జీలు తీసుకుంటారని చెప్పారు. మన సర్జరీ అదే, ఆమెని తీసుకురా అన్నారు. తనూ వచ్చి పక్కన నిలబడతానన్నారు. "మాట్లాడేది మాత్రం నువ్వు. నాకు గొంతు లేదు, ఆమెకి ఆఫీసంటే భయం."

నాకు ఆ రెండు ఇబ్బందులూ ఉన్నాయని చెప్పలేకపోయాను.

ఆ సోమవారం షాపుకి సెలవు పెట్టాను. రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బస్సు. చేపలామె కిటికీ పక్కన కూర్చుని దారంతా ఒళ్ళోని కవరుని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆవిడ ఒంటికి చేపల వాసన లేదు. తలకి పోసుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. "మా ఆయన ఏమన్నాడో తెలుసా?" అంది పొన్నకాయంత ముద్ద నోట్లో వేసుకుంటూ, ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్న చద్దన్నం తింటూ. "పోయి నాలుగు తిట్లు తినొస్తావే అన్నాడు. పెళ్ళయిన కాణ్ణించీ నీ దగ్గర తింటన్నాగా, వాళ్ళయితే కొత్తగా ఉంటాయిలే అన్నా." నవ్వింది. నేను మాత్రం లోపల వాక్యాలు పేర్చుకుంటున్నాను. వాళ్ళాయన, తుంటి, కార్డు, కొడుకు.

హాలు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, జనం. మాస్టారు అప్పటికే వచ్చి చేతికర్ర మీద గడ్డం ఆనించి కూర్చున్నారు. మా వంతు వచ్చింది. బల్ల వెనక ఉన్న ఆఫీసరు గారు తలెత్తకుండా "చెప్పండమ్మా" అన్నారు. నా ముందు ఒక ఖాళీ కుర్చీ ఉంది. కూర్చోమనే వేసి ఉంటారు. నేను వెనక నిలబడి దాని వీపు రెండు చేతులతో పట్టుకున్నాను. అలవాటైన చోటు అది. నోరు తెరిచాను.

"అధ్యక్షా!"

ఆఫీసరు గారు తలెత్తారు. వెనక ఎవరో "ఎమ్మెల్యే గారికి మైకు ఇవ్వండయ్యా" అన్నారు. హాలంతా నవ్వింది. చేపలామె కూడా నవ్వింది, ఎందుకో తెలియకపోయినా. నాకు చెవులు కాలిపోయాయి. కానీ అప్పటికే మొదలుపెట్టేశాను, షాపులో మొదలుపెట్టాక మధ్యలో ఆగే అలవాటు లేదు. వంకరగా అతుక్కున్న ఎముక గురించి చెప్పాను. తండ్రి పేరు కొడుకు కార్డులో ఉన్నా తండ్రి ఉండేది భార్య దగ్గరేనని, వండి పెట్టేది ఆమేనని, పేరు వెనక్కి మారిస్తే ఆపరేషన్ జరుగుతుందని, ఆయన మళ్ళీ పడవ ఎక్కుతాడని చెప్పాను. నా గొంతు నాకే బయటి నుంచి వినిపించింది. ఆఫీసరు గారు నవ్వు ఆపుకుని విన్నారు. ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూశారు. పక్కనున్న మనిషితో "ఇది చూడండి" అన్నారు. అర్జీ తీసుకున్నారు. సెల్లుకి మెసేజ్ వస్తుందన్నారు.

బయటికి వచ్చాక చేపలామె నా చెయ్యి వదల్లేదు. "నీకేసే చూస్తా ఇన్నాడు పాపా. ఒక్కసారన్నా పక్కకి చూళ్ళా. మా ఆయన ఫోటో ఎత్తి చూశాడు కూడా." అందరికీ మజ్జిగ ఇప్పించింది, నేను వద్దన్నా వినలేదు.

మాస్టారు నా చెవి దగ్గర వంగారు. "అక్కడ కొత్త సభ్యుడి మొదటి ప్రసంగానికి ఎవరూ అడ్డు తగలరమ్మా. నవ్వరు. అది ఆనవాయితీ. మనవాళ్ళకి ఆ మర్యాద తెలీదు." ఆయన కళ్ళు మాత్రం నవ్వుతూనే ఉన్నాయి.

ఆ కొన్ని వారాలు నేను షాపులో మరీ గట్టిగా మాట్లాడాను. ఒక మధ్యాహ్నం పక్క కొట్టు వాళ్ళు వచ్చి "రేడియో పెట్టారా?" అని అడిగారు.

పుస్తకం చివరి అధ్యాయం వచ్చింది. నేను ఎదురుచూసినట్టు లేదది. మాస్టారు ఆయన గెలుపుల గురించి రాయలేదు. ఆ ఊరి మిల్లుల్లో ఒక్కటి కూడా మిగల్లేదని రాశారు. ప్రతి మిల్లు మూతకీ ఆయన సభలో లేచి మాట్లాడాడు, ప్రతి మిల్లూ మూతపడింది. మూతపడిన మిల్లు పనివాళ్ళు శుక్రవారం వచ్చి ఎదురుగా కూర్చునేవారు, ఆయన వాళ్ళ పేర్లు రాసుకునేవాడు. నలభై ఏళ్ళు మాట్లాడిన మనిషి ఏం మార్చగలిగాడని తనని తానే అడుగుతూ మాస్టారు ఆ అధ్యాయం ఆపేశారు. జవాబు రాయలేదు. పేజీలో సగం ఖాళీ. ఇంకా కాగితాలు రావాలేమో అని ఫోన్ చేశాను. "అంతేనమ్మా" అన్నారు.

అది టైపు చేసిన వారంలోనే, శనివారం నేను రేపల్లె వెళ్ళేసరికి చేపలామె బుట్టతో సహా అరుగు మీద ఉంది. సెల్లు నాకు ఇచ్చింది. "మెసేజ్ వచ్చింది. మా పల్లెలో కుర్రాళ్ళు చదివారు గానీ నువ్వు చదివితే ఇంటా."

మీ అర్జీ పరిష్కరించబడినది. ధన్యవాదములు.

"అంటే ఏంటి?"

సెల్లు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాను.

"పని అయిపోయిందని, అక్కా."

"ఏ పని? ఆపరేషన్ అయిపోయిందా?" ఆవిడ మొదట ఎగతాళిగా అన్నదనుకున్నాను. కాదు. నిజంగానే అడిగింది. "కార్డు ఆస్పత్రిలో మొన్న కూడా చూపించా. అదే పాట. మా ఆయన మంచంలోనే ఉన్నాడుగా. మరి ఎవరికి అయిపోయింది?"

సోమవారం తెనాలి వెళ్ళకుండా వాళ్ళకి దగ్గరలో ఉన్న ఆఫీసుకి ఆవిడతో వెళ్ళి అడిగాను. పైనుంచి క్లోజ్ అయిందమ్మా, మా దగ్గర ఏమీ కనపడడం లేదు అన్నారు. మళ్ళీ తెరవాలంటే మళ్ళీ అర్జీ పెట్టుకోవాలట. చెప్పినాయన మంచివాడే, కుర్చీ వేశాడు. ఎక్కడ ఆగిందో ఆయనకీ తెలియదు. నేనక్కడ కుర్చీ వీపు పట్టుకోలేదు. గట్టిగా ఏమీ అనలేదు. ఆవిడే నన్ను లేపి తీసుకొచ్చింది.

మాస్టారికి చెప్పాలని ఫోన్ చేస్తే వాళ్ళమ్మాయి తీసి, నాన్నగారికి ఇప్పుడు గుసగుస కూడా రావడం లేదండి అంది. నేను చెప్పింది ఆయన చెవికి ఫోన్ పెట్టి వినిపించింది. అటునుంచి ఊపిరి మాత్రం వినిపించింది. ఆయన విన్నారని నాకు తెలుసు.

ఆ తర్వాత నేను మధ్యాహ్నాలు షట్టరు దించడం మానేశాను. "ఏమ్మా, గాలాడుతోందా?" అన్నారు ఓనరు గారు. పుస్తకం ఫైలు కంప్యూటర్లో ఉంది. చివరి పేజీ తెరిచి చూస్తాను, ఆ సగం ఖాళీ చూసి మూసేస్తాను.

మొన్న శనివారం చేపలామె మా వీధిలో ఎప్పటిలాగే అరుస్తూ వచ్చింది, పిల్లులూ వచ్చాయి. అమ్మమ్మ చేపలు తీసుకుంది. ముళ్ళు తక్కువవి ఏరి నాకోసం పక్కన పెట్టింది ఆవిడ. వాళ్ళాయన ఎలా ఉన్నాడని అడిగితే, "కూర్చుని వలలు అల్లుతున్నాడు, కూర్చునే తిడుతున్నాడు" అంది. నేను ధైర్యం చేసి, ఇంకోసారి బాపట్ల వెళ్దామా అక్కా అన్నాను. మళ్ళీ అర్జీ పెడదాం.

ఆవిడ బుట్టకి వంగింది. బుట్ట తల మీదికి ఎత్తడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఎత్తుకుని, తల నిలబెట్టుకుని, నాలుగడుగులు వేసి ఆగింది. బుట్ట ఉంది కాబట్టి వెనక్కి తిరగకుండానే అంది.

"వస్తాలే. ఈసారి మాత్రం కాస్త గట్టిగా చెప్పు పాపా. ఆయనకి సరిగ్గా ఇనపళ్ళేదేమో."